చుక్కలావిడ ఇల్లు

ఆఫీసు కాగితాల్లో ఆవిడ ఉద్యోగానికి బారెడు పేరుంది. అది ఎవరికీ నోరు తిరగదు. అత్యవసరానికి ఫోన్ చేసేవాళ్ళ ఇల్లు ఎక్కడుందో అంబులెన్స్ డ్రైవరుకి తెలియాలంటే మ్యాప్ మీద ఆ ఇంటికో చుక్క ఉండాలి. ఆ చుక్కలు పెట్టేది ఆవిడ. అందుకని చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ ఆవిడ చుక్కలావిడ. అసలు పేరు ఆఫీసులో గుమాస్తాకి తెలుసేమో, ఆయనకీ అనుమానమే.

పొద్దున్నే ఒక డబ్బాలో అన్నం, సీసాలో నీళ్ళు, సంచిలో పీల్చే మందు పెట్టుకుని స్కూటరెక్కేది. ఆయాసం ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉంది. పల్లెల్లో వీధి పేర్లుండవు, ఇంటి నంబర్లు ఉన్నా ఒక వరసలో ఉండవు. ఫోన్ చేసినవాళ్ళు "ఎర్రగేటు దాటి లోపలికి రండి" అంటారు. ఆ గేటుకి ఇంటాయన కిందటేడే నీలం రంగు వేయించి ఉంటాడు, చెప్పేవాళ్ళకి అది గుర్తుండదు. ఈలోపు అంబులెన్స్ చేల గట్ల మీద తిరిగి తిరిగి డ్రైవర్ తల ప్రాణం తోకకొస్తుంది. కాబట్టి చుక్కలావిడ ప్రతి ఇంటికీ వెళ్ళి గుమ్మం ముందు నిలబడి ఆఫీసు ఫోన్‌లో నొక్కేది. మ్యాప్ మీద చుక్క పడేది. ఒకసారి పడితే ఇక ఆ ఇంటి సంగతి మరిచిపోవచ్చు.

ఒంటరిగా ఉండేవాళ్ళ ఇళ్ళతోనే చిక్కంతా. అవి జరుగుతాయి.

ఇందులో కొత్తగా చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిన సంగతే. గడప తొక్కే మనిషి లేని ఇల్లు రోడ్డుకి దూరంగా, మెల్లిమెల్లిగా జరుగుతూ పోతుంది. ఫలానా ఇంటి కప్పు కారుతోందట అన్నట్టే, ఫలానా ఇల్లు జరుగుతోందట పాపం అనుకుంటారు జనం. లైన్‌మాన్ మాత్రం ప్రతిసారీ సణుగుతాడు, రోడ్డు మీది స్తంభం నుంచి వైరు సాగదీయలేక వాడి చేతులు పడిపోతున్నాయి కదా మరి. కుళాయిలు బిగించేవాడు తెలివైనవాడు, అలాంటి ఇళ్ళకి ముందే పొడుగాటి రబ్బరు గొట్టం చుట్టలుగా చుట్టి పెట్టేస్తాడు. ఎవరైనా వచ్చి కాసేపు కూర్చుంటే ఇల్లు కొంచెం వెనక్కి వస్తుంది. వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ మామూలే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చుక్కలావిడ ఇక్కడే పప్పులో కాలేసింది. ఇంటికి వెళ్ళగానే చుక్క పెట్టేసి, తర్వాత వాళ్ళిచ్చిన టీ తాగుతూ కబుర్లు చెప్పేది. కబుర్లు అయ్యేసరికి ఇల్లు నాలుగడుగులు రోడ్డువైపు వచ్చేసేది, చుక్క మాత్రం పాతచోటే ఉండేది. ఆవిడ ఎంత ఆప్యాయంగా మాట్లాడితే చుక్క అంత తప్పయ్యేది. ఒకరిద్దరు డ్రైవర్లు మొత్తుకున్నాక గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. అప్పట్నుంచి ముందు కూర్చోవడం, లేచి వెళ్ళేటప్పుడు చుక్క పెట్టడం అలవాటు చేసుకుంది.

కాలవ గట్టు అవతల గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడు. ఒంటికాయ శొంఠికొమ్ము. గుండెజబ్బు కూడాను. ఆయన ఇల్లు ఆ గట్టుకీ ఈ గట్టుకీ తిరుగుతూనే ఉంటుంది, అందుకని చుక్కలావిడ ఆయన దగ్గరికి తరచూ వెళ్ళేది. ఆయనకి మాటలంటే ప్రాణం. ఒక రోజు విప్పదీసిన గడియారం చక్రాలు గుడ్డ మీద పరుచుకుని, భూతద్దం కంటి మీంచి తీయకుండానే అడిగాడు.

"అందరి ఇళ్ళకీ తిరుగుతావు. మీ ఇల్లెక్కడమ్మా?"

"పిండిమర పక్కనే, తాతగారూ."

"మర పక్కనా? అయితే నీకేం, పొద్దస్తమానం జనమే."

"అవునండీ, సందడిగానే ఉంటుంది," అంది చుక్కలావిడ. టీ గ్లాసు కింద పెట్టి, ఇక లేస్తానంది. బయటికి వచ్చి గుమ్మం ముందు చుక్క పెట్టి, వెనక్కి చూడకుండా స్కూటరెక్కింది. పచ్చి అబద్ధం ఆడింది మరి.

ఆవిడ ఇల్లు పిండిమర పక్కన ఉండేది, నిజమే. అమ్మ బతికున్నంత కాలం ఉండేది. అమ్మ చిరుగులు కుట్టేది. మరకి వచ్చినవాళ్ళు పిండి ఆడేలోపు ఓ చొక్కానో, దుప్పటో తెచ్చి వాళ్ళ అరుగు మీద కూలబడేవాళ్ళు. అమ్మ కుడుతూ ఉంటే వాళ్ళు ఊళ్ళో సంగతులన్నీ ఏకరువు పెట్టేవాళ్ళు. ఆ ఇల్లు మేకు కొట్టినట్టు ఉండేది. అమ్మ పోయింది. కొన్నాళ్ళు పలకరింపులకి వచ్చారు, తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. కూతురికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, ఇక అరుగు మీద ఎవరు కూర్చుంటారు?

ఒక సాయంత్రం ఇంటికొచ్చి గేటు తీస్తే, గేటుకీ గుమ్మానికీ మధ్య ఎప్పుడూ లేనంత నేల కనబడింది. తన కళ్ళే మోసం చేస్తున్నాయి అనుకుంది. ఊరందరి ఇళ్ళూ జరిగాయని కనిపెట్టే మనిషి, తన ఇంటి విషయంలో మాత్రం మనసుకి సర్దిచెప్పుకుంది. ఆ తర్వాత ఇల్లు వెనక ఉన్న మొక్కజొన్న చేలోకి దిగింది. ఆ తర్వాత చేను దాటి ఇంకో చేలోకి పోయింది. గేటు మాత్రం మర పక్కనే ఉండిపోయింది. రోజూ గేటు దగ్గర స్కూటర్ నిలిపి, చేల మధ్య నుంచి నడిచి ఇంటికి పోయేది. ఇంట్లో కూర్చుంటే మర చప్పుడు వినిపించడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా ఆవిడకి గుర్తులేదు.

చుక్క సరిచేయించుకోవచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. ఉద్యోగులెవరూ తమ ఇంటికి తామే చుక్క పెట్టుకోకూడదని ఆఫీసు నిబంధన. పూర్వం ఒక మహానుభావుడు ముందుజాగ్రత్తగా తన ఇంటి చుక్కని తీసుకెళ్ళి ఆస్పత్రి గేటు పక్కన పెట్టుకున్నాడట. అందుకని ఆఫీసులో ఇంకొకరెవరైనా ఇంటికొచ్చి, గుమ్మం ముందు నిలబడి పెట్టాలి. అంతే. ఎవర్నైనా ఒక్కరిని పిలిస్తే చాలు. ఒక్క మాట అడిగితే చాలు.

ఆ ఒక్క మాటే ఆవిడ నోట రాలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? నా దగ్గరికి ఎవరూ రావడం లేదు, నా ఇల్లు ఊరు దాటి పోయింది అని పదిమందిలో చెప్పుకోవడమే కదా అది. పై అధికారి ప్రతి ఏడాదీ అందర్నీ నిలబెట్టి మీ మీ ఇళ్ళు ఎక్కడున్నాయి అని అడిగేవాడు. ఉన్నచోటే ఉందండీ అనేది. మ్యాప్ మీద ఆవిడ చుక్క మర పక్కనే మెరుస్తూ ఉండేది. ఆయాసం ముదిరి మందుకి లొంగకపోతే క్షణం ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది అని డాక్టర్ మరీమరీ చెప్పాడు. ఆ మాట రోజూ పడుకునేటప్పుడు గుర్తొచ్చేది. ఫోన్ చేస్తే బండి ఎక్కడికి పోతుందో కూడా గుర్తొచ్చేది. అప్పుడు పక్కకి తిరిగి పడుకునేది.

రోజూ సాయంత్రం కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, ఆ రోజు మారిన చుక్కలన్నీ సరిచూసుకోవాలి. ఫోన్ ఎత్తేది ఎప్పుడూ ఒకే అమ్మాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. కంట్రోల్ రూమ్ పట్నంలో ఉంది, ఆవిడ పని పల్లెల్లో. అయినా ఆ పిల్ల మొదటి రోజు నుంచే అక్కా అని వరస కలిపేసింది. పని అయ్యాక కూడా ఫోన్ పెట్టేది కాదు, తిన్నావా, గొంతు అలా ఉందేం, మందు పీల్చావా అని వేధించేది. చుక్కలావిడ విసుక్కున్నట్టు మాట్లాడేది గానీ, పొద్దుటి నుంచీ ఆవిడ ఎదురుచూసేది ఆ పిల్ల గొంతు కోసమే.

ఒకసారి ఆ పిల్ల ఆదివారం మీ ఇంటికొస్తాను, బస్సెక్కితే మర దగ్గరే దిగొచ్చట కదా అంది. చుక్కలావిడ వెంటనే, ఇంటికి రంగులు వేయిస్తున్నానంది. తర్వాత ఇంకోసారి అడిగితే చుట్టాలొచ్చారంది. ఎవరొచ్చారని అడిగితే పిన్ని, బాబాయి, వాళ్ళ పిల్లలు, ఇల్లంతా కిష్కింధలా ఉందని కూడా కల్పించింది. ఆ పిల్ల నవ్వి, పోన్లే అక్కా, నీకు తోడుంది కదా అంది. ఫోన్ పెట్టేశాక చుక్కలావిడ లేని చుట్టాలకి వండినట్టు పొయ్యి వెలిగించి, వెంటనే ఆర్పేసి, ఆ పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. అక్కడే చాలాసేపు ఏడ్చింది.

ఆ ఏడాది మొక్కజొన్న కోతలు మొదలయ్యాయి. చేలల్లో యంత్రాలు తిరుగుతుంటే పొట్టు, దుమ్ము గాలిలో తెరలుతెరలుగా లేచేది. ఆ రోజు సెలవు. మిట్టమధ్యాహ్నం చుక్కలావిడకి ఆయాసం మొదలైంది. కిటికీలు మూసింది. పీల్చే మందు తీసి నొక్కితే ఉత్త గాలి బుస్సుమంది. అయిపోయింది. కొత్తది స్కూటర్ డిక్కీలో ఉంది. స్కూటర్ గేటు దగ్గర ఉంది. గేటు చేలకి అవతల ఎక్కడో ఉంది. గుమ్మం దాకా నడిచి, ద్వారబంధం పట్టుకుని, అక్కడే చతికిలబడింది. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఫోన్ చేసింది.

"నమస్కారం, చెప్పండి, ఏమైంది?" అంది అటునుంచి తెలిసిన గొంతు.

"నేనే..."

"అక్కా! ఆయాసమా? మర పక్కనే కదా, బండి పంపించేస్తున్నా. దగ్గర్లోనే ఉంది, నువ్వు ధైర్యంగా ఉండు."

"అక్కడ లేదు," అంది చుక్కలావిడ. ఒక్కో మాటకీ ఒక్కో యుద్ధం. "ఇల్లు... అక్కడ లేదు. అబద్ధం చెప్పాను."

 ఆ పిల్ల ఏమీ తెలియనట్టే, మరకి ఎటువైపు అని అడిగింది. చుక్కలావిడ నోరు తెరిచింది. మాట రాలేదు. ఈల వేసినట్టు సన్నటి చప్పుడొక్కటే వచ్చింది. ఫోన్ సిగ్నల్ పట్టుకుని వెతుకుదామంటే, మ్యాప్ టవర్ చుట్టూ ఉన్న పొలాలన్నీ చూపిస్తోంది, అందులో ఏ మూలకని వెళ్తారు?

ఈలోపు బండి మర దగ్గరికి రానే వచ్చింది. డ్రైవర్ దిగి చూస్తే గేటు ఉంది, గేటుకి ఆనించి స్కూటర్ ఉంది, గేటు వెనక ఇల్లు ఉండాల్సిన చోట గడ్డి ఉంది. మరలో వాళ్ళని అడిగాడు. ఆ ఇల్లు ఎప్పుడో జరిగిపోయిందండీ అన్నారు. ఎటు పోయింది అని అడిగాడు. ఎటు పోయిందో మేం చూళ్ళేదు అన్నాడు మర యజమాని, తల గోక్కుంటూ. చేలో యంత్రాలు అన్ని దిక్కులకీ దారులు చేసి పెట్టాయి, ఏది మనిషి నడిచిన బాటో, ఏది బండి చక్రాల జాడో తెలియడం లేదు. డ్రైవర్ ఆ మాటే కంట్రోల్ రూమ్‌కి చెప్పాడు.

అదంతా చుక్కలావిడకి ఫోన్‌లో వినిపిస్తూనే ఉంది. మేం చూళ్ళేదు అన్న మాట కూడా వినిపించింది. అవును, ఎవరు చూస్తారు? అనుకుంది. ఎన్ని గడపలు తొక్కింది, ఎన్ని గుమ్మాల ముందు నిలబడింది! ఒక్కరంటే ఒక్కరు తన ఇంటివైపు తలతిప్పి చూడలేదు. ఆవిడకి కోపం రాలేదు. కోపానికి కూడా ఊపిరి కావాలి. ఇక చాలు, ఫోన్ పెట్టేద్దాం, ఆ పిల్లని ఎందుకు కష్టపెట్టడం అని బొటనవేలు ఎర్రగుర్తు మీదికి పోనిచ్చింది.

"అక్కా, పెట్టేయకు," అంది ఆ పిల్ల. "నువ్వు మాట్లాడొద్దు, ఊరికే విను. నేను మొన్న ఆదివారం వచ్చాను."

చుక్కలావిడ వేలు ఆగిపోయింది.

"మీ చుట్టాల పిల్లలకని బిస్కెట్లు కూడా కొన్నాను. బస్సు దిగాను. గేటుంది, నీ స్కూటరుంది, ఇల్లు లేదు. నాకు అర్థమైంది అక్కా. అర్థమైనా, గేటు దగ్గర నిలబడి నిన్ను పిలిచాను. గట్టిగానే పిలిచాను. ఆఖరి బస్సు వచ్చేదాకా అక్కడే ఉన్నాను." ఆ పిల్ల ఆగకుండా చెప్పుకుపోయింది. "అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని అడగలేదు. అడగాల్సింది. తప్పు నాదే. నేను నీ ఇంటికొచ్చానక్కా."

వంటింట్లో అలమార మీద గిన్నెలు చిన్నగా మోగాయి.

మొదట చుక్కలావిడకి తన దడే అనిపించింది. తర్వాత గోడకున్న క్యాలెండర్ ఊగింది. గుమ్మం ముందు మొక్కజొన్న మొక్కలు ఒక్కొక్కటే పక్కకి వంగుతున్నాయి. ఇంత కాలం ఈ ఇల్లు రోజుకింత చొప్పున, తను నిద్రపోతుంటే దొంగచాటుగా జరిగింది. ఇప్పుడు దానికి ఆ ఓపిక లేదు. తోసుకుంటూ వస్తోంది. చేలో కోతలు కోస్తున్నవాళ్ళు యంత్రాలు ఆపి దారిచ్చారు. కరెంటు వైరు వదులై గడ్డి మీద పడింది, రబ్బరు గొట్టం మెలికలు తిరుగుతూ ఇంటి వెంట వచ్చింది. చుక్కలావిడ ద్వారబంధాన్ని రెండు చేతులా కరుచుకుని ఉంది. ఫోన్ ఒళ్ళో పడింది. అందులోంచి ఆ పిల్ల, వచ్చాను అక్కా, వచ్చాను అంటూనే ఉంది.

మర దగ్గర డ్రైవర్ చేను నడిమధ్య చీలుతూ రావడం చూశాడు. అనుభవమున్న మనిషి, గబగబా బండిని రోడ్డు అవతలికి తీసుకెళ్ళి నిలిపాడు. ఇల్లు పాతచోటికి వచ్చి ఆగుతుందనుకున్నారు అందరూ. ఆగలేదు. అక్కడ ఒక్క క్షణం తటపటాయించి, గేటుని తోసి పడేసి, స్కూటర్ని పక్కకి నెట్టి, ఏకంగా రోడ్డు మీదికి వచ్చేసింది. అరుగు సగం తారు మీద, మిగతా ఇల్లు మట్టి మీద. అంబులెన్స్ వెనక తలుపుకి సరిగ్గా ఎదురుగా ఆగింది. నర్సు బండిలోంచి దిగకుండానే కాలు చాపి అరుగు మీద అడుగుపెట్టి, చుక్కలావిడ మొహానికి మాస్కు తగిలించింది. ఆస్పత్రిలో డాక్టర్, ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని అన్నాడు. అలా అనడం డాక్టర్లకి అలవాటే గానీ, ఈసారి అది నిజం.

చుక్కలావిడ తిరిగి ఇంటికొచ్చేసరికి గొడవ మొదలైపోయింది. అరుగు రోడ్డు మీద ఉంది కదా, బస్సులు వంపు తిరిగి పోవాలి, ఎదురుగా లారీ వస్తే రెండూ ఆగాలి. ప్రతి డ్రైవరూ కిటికీలోంచి తల బయటపెట్టి, ఏమ్మా, ఇల్లు కట్టుకోవడానికి నీకు రోడ్డే దొరికిందా అని తిట్టేవాడు. ఈవిడ ఊరుకుంటేగా! గుమ్మంలోకి వచ్చి, నేను కట్టుకోలేదు నాయనా, అదే వచ్చింది అని జవాబిచ్చేది. మాటకి మాట పెరిగేది. తిట్టి తిట్టి గొంతెండిపోయి కొందరు దిగి మంచినీళ్ళు అడిగేవాళ్ళు. మర యజమాని అయితే రోజూ వచ్చి, తన గిరాకీకి అడ్డంగా ఉందని ఆ అరుగు మీదే కూర్చుని ఫిర్యాదు చేసేవాడు. రోడ్ల ఇంజనీర్లు టేపులు పట్టుకుని వచ్చి కొలిచారు, వెనక్కి జరపాలన్నారు. ఎలా జరపాలో వాళ్ళకీ తెలియక, టీ తాగి వెళ్ళిపోయారు. ఇల్లు అంగుళం కదల్లేదు.

ఆదివారం పట్నం బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి ఆగింది. సన్నగా, పొడుగ్గా, చుక్కలావిడ ఊహించుకున్న మనిషికి ఎక్కడా పోలిక లేని ఒక అమ్మాయి దిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మొదట తెగ మొహమాటపడ్డారు. ఫోన్‌లో గంటలకొద్దీ మాట్లాడుకున్నవాళ్ళు, ఎదురుగా కూర్చుంటే ప్రయాణం బాగా జరిగిందా, ఎండలు మండుతున్నాయి అనుకున్నారు. చీకటి పడకముందే ఆ మొహమాటం పోయింది. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గుమ్మం ముందు నిలబడి ఆఫీసు ఫోన్‌లో చుక్క పెట్టింది.

మర్నాడు పెద్దాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో కొత్తాయన, మర్యాదస్థుడే. మ్యాప్ మీద మీ ఇంటి చుక్క రోడ్డు మధ్యలో పడిందండీ, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు, పొరపాటు జరిగినట్టుంది, కాస్త సరిచేయించండి అన్నాడు. బయట ఒక బస్సు ఆగి అదే పనిగా హారన్ మోగిస్తోంది.

"పొరపాటేం లేదండీ," అంది చుక్కలావిడ. "నా ఇల్లు అక్కడే ఉంది. ఉండండి, బయట ఎవరో నన్ను పిలుస్తున్నారు."